గవదబిళ్ళల టీకా పల్లెకు రాదా?

చెవి కింద, దవడ పక్కన వాపు కనిపిస్తే మన గ్రామాలలో పసుపు, సున్నం కలిపి పట్టు వేసి ఊరుకుంటారు. పది రోజులలో వాపు తీస్తుంది. పట్టువల్లనే తగ్గిందని నమ్మకం. లాలాజల గ్రంథులకు వైరస్ సోకి వచ్చే ఈ జబ్బు నిజానికి చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది. అందుకే కాబోలు, ప్రభుత్వం కూడ దీనిని చిన్నచూపు చూస్తున్నది.

2024లో కేరళలో వేలాది పిల్లలకు గవదబిళ్ళలు వచ్చాయి. మహారాష్ట్రలో, హైదరాబాదులో కూడ కేసులు పెరిగాయని వైద్యులు చెప్పారు. ఇందులో ఆశ్చర్యపడవలసిందేమీ లేదు. 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో తట్టు, రుబెల్లా టీకా ఉద్యమం జరిగింది. అప్పటి నుంచి ఆ రెంటికీ కలిపిన టీకాను 9 నెలలు నిండాక ఒకసారి, 16-24 నెలల మధ్య మరోసారి ఉచితంగా వేస్తున్నారు. గవదబిళ్ళలను కూడ కలిపిన మూడింటి టీకా మన దేశంలోనే తయారవుతున్నది. అయినా అది ప్రైవేటు ఆస్పత్రిలో డబ్బిచ్చినవారికే. పిల్లల వైద్యుల సంఘం మూడు మోతాదులు వేయించాలంటున్నది. కూలి చేసుకునే కుటుంబానికి అది సాధ్యమా?

ఈ జబ్బుతో చావులు అరుదు గనుక తొందర లేదని ఒక వాదన. చావు ఒక్కటే కొలమానమైతే ఆ మాట నిజమే. కాని యుక్తవయసు దాటిన మగవారికి వస్తే, టీకా పడనివారిలో నూటికి 15 నుంచి 30 మందికి వృషణాలు వాస్తాయి. పిల్లలు పుట్టకపోవడం అరుదే గాని, బాధ మాత్రం తక్కువ కాదు. కొందరికి మెదడు పొరలకు వాపు వస్తుంది. అరుదుగా ఒక చెవి శాశ్వతంగా పోతుంది.

టీకా కొద్దిమందికే అందితే మరో చిక్కు ఉన్నది. చిన్నతనంలో రావలసిన జబ్బు పెద్దతనానికి జరుగుతుంది. అందుకే నూటికి 80 మందికి పైగా వేయగలిగితేనే మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. తట్టు టీకా మొదటి మోతాదు 2023లో దేశంలో నూటికి 90 మందికి పైగా పిల్లలకు అందింది. అదే సూది, అదే నర్సు, అదే రోజు. ఇక అడ్డేమిటో కేంద్రం చెప్పాలి.

ఈలోగా వాపు వచ్చిన పిల్లను అయిదు రోజులు బడికి పంపకండి. వాపు రాకముందు రెండు రోజుల నుంచే తుంపరలతో జబ్బు అంటుతుంది. పులుపు పెట్టవద్దు, గ్రంథి నొప్పి హెచ్చుతుంది. యాంటీబయాటిక్ సూదులు వైరస్‌పై పనిచేయవు, డబ్బు దండుగ. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం, వినికిడి తగ్గడం, వృషణాల వాపు ఉంటే ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి.