కాళహస్తీశ్వర శతకంలో వైరాగ్యం: శాంతరస వాదంపై అభ్యంతరం

శతకసాహిత్య పరిశోధనలో ‘భక్తి, జ్ఞాన, వైరాగ్యాలు’ అన్న అధ్యాయం లేని సిద్ధాంతగ్రంథం అరుదు. అందులో ధూర్జటి కాళహస్తీశ్వర శతకానికి స్థిరమైన చోటుంది, నిర్ణయమూ సిద్ధంగా ఉంటుంది: కవి భోగాలు అనుభవించాడు, విసిగి విరాగి అయ్యాడు, శాంతి పొందాడు, కనుక ఇది శాంతరసప్రధానం. ఈ వాదంలోని చివరి రెండు మెట్లకు శతకం ఆధారమివ్వదు. (మొదటి మెట్టు చాటుకథల మీద నిలిచింది, దానితో ఇక్కడ పని లేదు.)

భిక్ష, గుహ, వస్త్రం, ఏటినీరు వరుసగా పేర్కొని, ఇవి ఉండగా జనం ఒకరి పంచన చేరడమెందుకని నిలదీసే పద్యాన్ని చూడండి. ఈ భావం ధూర్జటి సొంతం కాదు. భాగవత ద్వితీయస్కంధంలో శుకుడు పరీక్షిత్తుకు చెప్పినదే, పోతన తెనిగించినదే. అయితే అక్కడ శ్రోత ఏడు రోజుల్లో మరణించబోయే రాజు, మాట ఉపదేశం. భగవంతుడు ఆశ్రితులను రక్షించడా అని సంస్కృత మూలం ప్రథమపురుషలో అడిగిన ప్రశ్న ధూర్జటి చేతిలో మధ్యమపురుషకు మారి సూటిగా శివుణ్ణే తాకింది. ఉపదేశం ఫిర్యాదయింది. రాజసేవను ఏవగించుకున్న పద్యాల పక్కన పెట్టి చదివితే, ఇక్కడి గుహ ధ్యానస్థలంగా కాక ఎవరికీ తల వంచకుండా బతకగల చోటుగా కనిపిస్తుంది.

శాంతానికి నిర్వేదం స్థాయి అన్న మమ్మటుని మాటను మనవారు తరచు ఉదాహరిస్తారు. అభినవగుప్తుడు తత్త్వజ్ఞానాన్నే, అంటే ఆత్మస్వరూపాన్నే స్థాయిగా నిలిపాడన్నది అంతగా గుర్తుండదు. నాట్యశాస్త్రం నిర్వేదాన్ని సంచారిభావాల్లో మొదట చెప్పి, తత్త్వజ్ఞానంతోపాటు దారిద్ర్యం, అవమానం వంటివాటినీ దానికి కారణాలుగా చూపింది. ధూర్జటి నిర్వేదంలో అవమానం పాలు ఎక్కువ. అంతా మిథ్యని తెలిసీ మనిషి ఆలుబిడ్డల, ధనాల మోహం వదలలేడని ఆయనే వాపోయాడు. తెలియడానికీ నెమ్మదించడానికీ మధ్య ఉన్న ఈ ఎడమే శతకానికి ప్రాణం. రాజు అక్కరలేని స్వేచ్ఛ అందులో ఉంది. మనశ్శాంతి ఉందనడం మన ఆరోపణ. శాంతరస ముద్ర పడగానే రాజనింద ఒక వృద్ధుని అలసటగా కుదించుకుపోతుంది, ఆ కోపం ఎవరి మీదనో అడిగే అవసరమే తప్పిపోతుంది.

శివుణ్ణి శరణు వేడడమే శాంతి కాదా అనవచ్చు. కొన్ని పద్యాల విషయంలో అది నిజం కావచ్చు. కానీ శతకం ముక్తకాల కూర్పు. విసిగాడు, విడిచాడు, పొందాడు అన్న క్రమం కథకు చెల్లుతుంది. ముక్తకాలలో రసనిర్ణయం పద్యం పద్యానికీ విడిగా జరగాలి.