హైదరాబాద్‌లో ఆర్కిడ్ బతకదట!

మాదాపూర్‌లో ఒక కంపెనీ రిసెప్షన్‌లో, పూలు రాలిన ఆర్కిడ్లను కుండీలతో సహా నల్ల సంచుల్లో కుక్కుతున్నారు. ఎందుకని అడిగితే అక్కడి ఫెసిలిటీస్ కుర్రాడు, "అయిపోయాయి సార్. మన ఎండలకి ఆర్కిడ్లు బతకవు. సోమవారం వెండర్ కొత్తవి తెస్తాడు" అన్నాడు. అతన్ని తిట్టి లాభం లేదు. రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ మేనేజర్‌ని కదిలించినా ఇదే పాట. ఇది మొక్క గురించి తెలిసి అంటున్న మాట కాదు, నెలనెలా బిల్లు వేసుకోవడానికి పనికొచ్చే మాట.

ఆ సంచిలో పడ్డది ఫెలనాప్సిస్. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరిగే జాతుల సంకరం. ఆకులు దళసరిగా, పచ్చగా ఉన్నాయి. పువ్వు రాలితే మొక్క చచ్చినట్టా? కాపు దిగిపోయిందని మామిడి చెట్టు నరికేవాణ్ణి ఏమంటారో వీళ్లనీ అదే అనాలి.

"మన మొక్క కాదు కదండీ" అంటారు ఇంకొందరు. ఈ ముక్క వింటే నాకు ఒళ్లు మండుతుంది. 1781 నుంచి సామర్లకోటలో ఉండి తెలుగు తీరపు మొక్కల్ని సేకరించి, ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు వేయించిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో లండన్‌లో అచ్చయిన కోరమాండల్ మొక్కల పుస్తకంలో ఒక ఆర్కిడ్‌ను ఎక్కించాడు. ఇవాళ దాని శాస్త్రీయ నామం వాండా టెసలాటా. పసుపుపచ్చ రేకుల మీద గోధుమరంగు గళ్లు, నడుమ నీలి ఊదా పెదవి, మంచి వాసన. నల్లమలలోనూ మిగతా తూర్పు కనుమల్లోనూ చెట్టుకొమ్మని వేళ్లతో చుట్టుకుని, పిడికెడు మట్టి కూడా అడక్కుండా మే నెల వడగాడ్పుకి ఎదురు నిలుస్తుంది. ఆసరాకే చెట్టు, దాని రసం తాగదు. రెండు శతాబ్దాల కిందటే పుస్తకానికెక్కిన మన ఆర్కిడ్ ఇది. దాని ముందు నిలబడి తెలుగువాడు "ఆర్కిడ్లు మన ఎండకి ఆగవు" అంటాడు!

చంపేది ఎండ కాదు, కుండీ. చిల్లులేని తెల్ల పింగాణీ కుండీ, అందులో ప్లాస్టిక్ కప్పు, ఆ కప్పులో పిండితే నీళ్లు కారే నాచు. హౌస్‌కీపింగ్ అమ్మాయి రోజూ పొద్దున్నే, పాపం, భక్తిగా ఒక గ్లాసు పోస్తుంది. ఆర్కిడ్ వేరుకి పైన స్పాంజి లాంటి పొర ఉంటుంది. తడిస్తే పచ్చగా, ఆరితే వెండిరంగుగా మారుతుంది. నీళ్లెప్పుడు పోయాలో మొక్కే చెబుతుందన్నమాట. ఆ వేరు కనబడకుండా పింగాణీలో దాచి, గాలి ఆడకుండా కుళ్లబెట్టి, నేరం హైదరాబాద్ మీద తోస్తారు. పైగా ఇప్పుడు వారానికి మూడు ఐసుముక్కలు వేయాలన్న ఫ్యాషన్ ఒకటి. ఉష్ణమండలపు మొక్క మొదట్లో ఐసు! అమెరికాలో అమ్మకాల కోసం పుట్టిన చిట్కా గచ్చిబౌలిలో శాస్త్రమైపోయింది. ఇక బజారులో అమ్మే ముదురు నీలం ఆర్కిడ్ తెల్ల మొక్కకి రంగు ఎక్కించినదే. మళ్లీ పూస్తే తెల్లగానే పూస్తుంది. అందుకేనేమో రెండో పూత దాకా దాన్ని ఎవరూ ఉంచరు.

నీళ్ల సంగతి వేరే చెప్పాలా? బోరు నీళ్లూ ట్యాంకర్ నీళ్లూ కుండీ అంచుకి తెల్లటి ఉప్పు పట్టించి పోతాయి. అదే భవనంలో ఏసీ గొట్టం నుంచి ఉప్పులేని నీళ్లు ధారగా కాలవలోకి కారిపోతుంటాయి. ఇక అపార్ట్‌మెంట్లలో వాననీళ్ల మాట ఎత్తితే అసోసియేషన్ వాళ్లకి కోపం. బాల్కనీ కమ్మీకి కుండీ వేలాడదీస్తే ఎలివేషన్ పాడవుతుందని నోటీసు. గేటు మీద మాత్రం పూలతోటల పేర్లు!

ఏప్రిల్, మేలలో గాలి బాగా పొడిబారుతుంది, కాదనను. నీడ వల కట్టి, పొద్దునపూట తడిపితే సరి. అసలు ఫెలనాప్సిస్ పూలకాడ వేయాలంటే కొన్ని వారాలు చల్లదనం తగలాలి. దానికోసం తైవాన్‌లో, నెదర్లాండ్స్‌లో డబ్బు పోసి గ్రీన్‌హౌసులు చల్లబరుస్తారు. మనకి నవంబరు, డిసెంబరు రాత్రులు ఆ పని ఊరికే చేసిపెడతాయి. ఈ మాట ఏ వెండరూ చెప్పడు.

ఏం చేయాలంటారా? చిల్లుల మట్టికుండీ, కొబ్బరిడొక్క ముక్కలు, బొగ్గు, తూర్పు కిటికీ. ఆకుల నడుమ నీళ్లు నిలవనివ్వకూడదు, ఏసీ గాలి నేరుగా తగలకూడదు. పూలు రాలిన మొక్కల్ని ఉద్యోగులకి పంచినా చాలు, సగమైనా బతుకుతాయి. కంపెనీ ఆవరణలోని మామిడి కొమ్మలకి వాండాలు కట్టొచ్చు. అడవిలోంచి పీక్కొచ్చినవి కాదు, నర్సరీలో పెంచినవి. ధూళి లాంటి ఆర్కిడ్ గింజ బయట శిలీంధ్రం సాయం లేనిదే మొలకెత్తదు కాబట్టి ప్రయోగశాలలో సీసాల్లో మొలిపించాలి. కడియం నర్సరీలవాళ్లు పూనుకుంటారో, ప్రభుత్వమే చేయిస్తుందో, ఖర్చెవరిదో కూర్చుని తేల్చుకోవచ్చు. కొత్తగూడ బొటానికల్ గార్డెన్ హైటెక్ సిటీ పక్కనే ఉంది. అక్కడి చెట్లతో మొదలుపెట్టండి.