ఒడ్డెక్కిన ఓడమల్లన్న

'ఏరు దాటేదాకా ఓడమల్లన్న, ఏరు దాటాక బోడిమల్లన్న' అన్నారు పెద్దలు. పని అయిపోగానే మొహం చాటేసే మనుషుల మీద పుట్టిన సామెత అది. ఒడ్డుకు లాగిన పడవ విషయంలో మాత్రం అక్షరాలా నిజం. నీళ్లమీద ఉన్నన్నాళ్లూ దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటారు. ఇసుక మీదికి వచ్చిందంటే 'ఇంకేమవుతుందిలే' అని వదిలేస్తారు. నిజానికి పడవ పాడవడానికి అలలూ తుపాన్లే అక్కర్లేదు. పట్టించుకోకుండా నాలుగు వారాలు ఆరుబయట నిలబెట్టినా చాలు!

చలిదేశాల్లో పడవలకు సెలవులు శీతాకాలంలో. స్వీడన్, ఫిన్లాండ్, కెనడాల్లో ఆకులు రాలే రోజులొచ్చాయంటే పడవల్ని నీళ్లలోంచి బయటికి తీసి, స్టాండ్ల మీద నిలబెట్టి, పైన కప్పేస్తారు. మళ్లీ వసంతం వచ్చేదాకా అంతే. వాళ్ల భయమంతా మంచు గురించే. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఇంజిన్‌లో కాసిని నీళ్లు మిగిలిపోయినా సరే, అవి గడ్డకట్టి ఇనుమును సైతం చీల్చేస్తాయి. అందుకే చుక్క మిగలకుండా వంపేసి, గడ్డకట్టని ద్రవం పోసి మరీ మూత బిగిస్తారు.

మనకు ఆ బెడద లేదు. మన పడవల సెలవులు మండుటెండల్లో!

రెండు నెలల విరామం

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ మర పడవలూ ఇంజిన్ పడవలూ వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి తూర్పు తీరమంతటా ఈ నిషేధం అమలవుతుంది. 2015కు ముందు ఇది నెలన్నరే ఉండేది. ఇప్పుడు మొత్తం 61 రోజులు. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం లాంటి హార్బర్లలో పెద్ద బోట్లు జెట్టీల దగ్గర వరసకడతాయి. చిన్న ఫైబర్ పడవలేమో ఊరి ముందు ఇసుకలోనే ఉంటాయి. నెత్తిన ఎండ, కింద కాగిన ఇసుక, మధ్యలో అకాల వాన, ఈదురుగాలి... అన్నీ వాటి మీదే.

ఈ రెండు నెలలూ వేట ఉండదు, రాబడి ఉండదు. అర్హులైన మత్స్యకార కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో 20 వేల రూపాయలకు పెంచారు. ఇంటి ఖర్చులకే అది చాలీచాలనట్టు ఉంటుంది. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. పుస్తకాలు, బూట్లు, ఫీజులు. సరిగ్గా అప్పుడే పడవను నీళ్లలోకి దించాలి. అడుగున చీలిక కనబడిందనుకోండి... పిల్లాడి ఫీజా, పడవ మరమ్మతా? ఈ ఇరకాటం రాకూడదనుకుంటే జాగ్రత్తలు ఏప్రిల్‌లోనే మొదలవ్వాలి.

ముందు స్నానం

ఒడ్డుకు లాగిన రోజే చేయాల్సిన పని కడగడం. అడుక్కి పట్టిన గుల్లలూ నాచూ తడిమీద ఉన్నప్పుడు తేలిగ్గా ఊడతాయి. ఎండిపోయాక గీకితే వాటితోపాటు రంగూ పెచ్చులూ లేచివస్తాయి. తర్వాత మంచినీళ్లతో ఉప్పు వదిలేలా కడగాలి. ఉప్పు గాల్లోని తేమను పీల్చుకుంటుంది. దాంతో మేకులూ బోల్టులూ ఎప్పుడూ చెమ్మగానే ఉండి తుప్పు పట్టిపోతాయి.

చెక్క పడవ అయితే ఒడ్డున ఉండటం ఒకందుకు మేలే. ఉప్పునీళ్లలో చెక్కను తొలిచే జీవి ఒకటుంది. చూడటానికి పురుగులా ఉంటుంది కానీ నిజానికి అది ఆల్చిప్పల జాతి. లోపల సొరంగాలు తవ్వేస్తుంది, పైకి మాత్రం చిన్న రంధ్రమే కనిపిస్తుంది. చెక్క బాగా ఆరితే అది బతకలేదు. వెనకటి రోజుల్లో తెప్పల కట్లు విప్పి, దుంగల్ని విడదీసి ఆరబెట్టేవారు. నీళ్లు పీల్చిన దుంగ బరువెక్కుతుంది, ఆరితేనే మళ్లీ తేలిగ్గా తేలుతుంది మరి.

పడక సరిగ్గా ఉండాలి

నీళ్లలో ఉన్నప్పుడు పడవ బరువును నీరు అన్నివైపులా సమానంగా మోస్తుంది. నేలమీద ఆ సుఖం ఉండదు. ఒక రాయి మీదో ఒకే దుంగ మీదో ఆనించి వదిలేస్తే బరువంతా అక్కడే పడి, ఫైబర్ లోపలికి సొట్టపోతుంది. వెన్నుదూలం కింద రెండు మూడు చోట్ల కొబ్బరి దుంగలు వేసి, పక్కలకు ఇసుక బస్తాలో పాత టైర్లో ఒత్తుగా ఆనించాలి. ముందు భాగాన్ని కాస్త ఎత్తులో ఉంచి, వెనక అడుగున ఉండే బిరడా తీసేయాలి. వాన పడితే నీళ్లు వాటంతటవే పోతాయి.

బిరడా తీయడం మరిచిపోతే ఏమవుతుందో చిన్న లెక్క వేద్దాం. పడవ లోపలి భాగం ఆరు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు అనుకుందాం. అందులో పది సెంటీమీటర్ల లోతున నీళ్లు నిలిస్తే 900 లీటర్లు. అంటే 900 కిలోలు. పదిహేను మంది ఎక్కి రోజుల తరబడి కూర్చున్నట్టే! పైగా చెక్క పడవకు ఉప్పునీటి కంటే వాననీరే ఎక్కువ చేటు. నిలిచిన మంచినీళ్లలోనే చెక్కను కుళ్లబెట్టే బూజు పెరుగుతుంది.

దుప్పటి కాదు, గొడుగు

పరదా కప్పేశాం కాబట్టి పనైపోయిందనుకోవద్దు. చాలామంది పడవకు దుప్పటి కప్పినట్టు టార్పాలిన్‌ను బిగించి కట్టేస్తారు. దాంతో లోపలి తేమ బయటికి పోదు, బూజు పడుతుంది. పైన గుంటలు పడి నీళ్లు నిలుస్తాయి. మధ్యలో పొడవునా ఒక వెదురు బొంగు కట్టి, దానిమీద నుంచి పరదాను ఇంటి కప్పులా రెండువైపులా వాలుగా దించాలి. రెండు చివరలా గాలి ఆడాలి. పరదా తాళ్లు కింద పెట్టిన దుంగలకు మాత్రం కట్టకూడదు. ఈదురుగాలికి పరదా ఎగిరితే ఆ దుంగల్నే లాగేస్తుంది, పడవ ఒరిగిపోతుంది. పడవ అడుగు నుంచి చుట్టి, పడవకే కట్టాలి.

ఎండ ఇద్దరికీ శత్రువే. ఫైబర్ పడవ మెరుపు పోయి, చెయ్యి పెడితే సున్నంలా పొడి రాలుతుంది. ఆపైన సన్నటి పగుళ్లు, వాటిలోంచి నీరు దిగి బొబ్బలు. చెక్క పడవేమో ఎండకు కుంచించుకుపోయి పలకల మధ్య సందులు తెరుచుకుంటాయి. అందుకే తాటాకులో కొబ్బరాకులో నీడగా వేసి, బాగా ఎండిపోకుండా అప్పుడప్పుడూ ఉప్పునీళ్లు చల్లుతారు. సందుల్లో నూలు దట్టించి గుగ్గిలం, నూనె కలిపి పూయడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ పనికొచ్చేదే.

ఇంజిన్, బ్యాటరీ, వల

బయట బిగించే ఇంజిన్ అయితే విప్పే ముందు పది నిమిషాలు మంచినీళ్లతో ఆడించాలి. లోపలి ఉప్పు కడుక్కుపోతుంది. కార్బురేటర్‌లో ఇంధనం మిగిలితే జిగురులా గడ్డకట్టి దారి మూస్తుంది, దాన్ని వంపేయాలి. తర్వాత ఇంట్లో నిటారుగా నిలబెట్టాలి. బ్యాటరీ తీగలు విప్పి నెలకోసారి చార్జింగ్ పెట్టాలి. ఊరికే ఉన్నా దాని శక్తి తరిగిపోతూనే ఉంటుంది. నైలాన్ వలలు ఎండకు పెళుసవుతాయి. కడిగి, నీడన ఆరబెట్టి, ఎలుకలకు అందకుండా వేలాడదీయాలి.

నిప్పుతో, గాలితో

2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్ గుర్తుందిగా? పక్కపక్కనే కట్టేసిన బోట్లలో ఒకదానికి అంటుకున్న మంట మిగతావాటికీ పాకి దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. తెల్లారేసరికి ఎన్నో కుటుంబాల జీవనాధారం బూడిద. ఆగి ఉన్న పడవలో డీజిలు, గ్యాస్ సిలిండరు ఉంచకపోవడం, వంటలూ బీడీలూ లేకుండా చూడటం, పడవకూ పడవకూ కాస్త ఎడం ఉంచడం... వీటికి పైసా ఖర్చు లేదు.

నిషేధకాలం కదా, తుపాన్లు రావనుకోవద్దు. 2010లో లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది మే 20న. హెచ్చరిక వినగానే పడవను మరింత ఎత్తుకు లాగి, గట్టి గుంజకు రెండువైపులా కట్టాలి. పరదా మాత్రం విప్పేయాలి. ఉంచితే అది తెరచాపలా మారి పడవనే ఎత్తి పడేస్తుంది.

దించే ముందు

జూన్ మొదటి వారంలోనే బిరడా పెట్టి, లోపల నాలుగు బిందెల నీళ్లు పోసి చూడాలి. ఎక్కడ చెమర్చితే అక్కడ చిల్లు ఉన్నట్టే. ఇంకా వారం సమయం ఉంది కాబట్టి తీరిగ్గా బాగుచేయించుకోవచ్చు. చెక్క పడవనైతే దించాక ఒకటి రెండు రోజులు లోతు తక్కువ నీళ్లలోనే ఉంచితే పలకలు ఉబ్బి సందులు మూసుకుంటాయి. లైఫ్ జాకెట్ల పట్టీలు కూడా ఓసారి లాగి చూడాలి. అవీ రెండు నెలలు మూలన పడి ఉన్నవే.

పడవ లేనివాళ్లకూ ఇందులో పాఠం ఉంది. సెలవులకు ఊరెళ్తూ ఇంటి ముందు వదిలే స్కూటరుకైనా కారుకైనా సూత్రాలు ఇవే. కడిగి, ఆరబెట్టి, గాలి ఆడేలా కప్పి, బ్యాటరీ సంగతి చూసుకోవాలి.

కారు మొరాయిస్తే రోడ్డు పక్కన ఆపి దిగొచ్చు. తీరం కనిపించనంత దూరంలో పడవలోకి నీళ్లొస్తే దిగడానికి చోటుండదు. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి పడవెక్కే మనిషి సాయంత్రానికి ఇంటికి తిరిగిరావాలంటే, ఆ రెండు నెలలూ ఒడ్డున ఎవరో ఒకరు ఆ పడవను రోజూ ఓ చూపు చూసి ఉండాలి. ఇంట్లోవాళ్లు ఎవరైనా చేయగల పనే అది.