తెల్ల గోరింక కనపడితే చూడండి, పట్టొద్దండి

కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

పోయినేడు తొలకరి దుక్కులప్పుడు మా చెనిక్కాయ చేలో ట్రాక్టరు వెనకాల గోరింకలు పురుగులు ఏరుకుంటున్నాయి. ఆ గుంపులో ఒకటి తెల్లగా ఉంది. ముక్కూ కాళ్లూ పసుపే, ఒళ్లంతా పాల తెలుపు. సంబరపడి ఫోటో తీసి, ఫలానా చేలో అని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టినా. అదే నా తప్పు. తెల్లారేసరికి బైకుల మీద జనం. లక్ష్మీదేవి అన్నారు ఒకరు, అరిష్టం అన్నారు ఇంకొకరు, టౌనులో అమ్మితే మంచి ధర వస్తుందన్నారు మరొకరు. మూడో రోజు ఎవరో వల వేసి పట్టినారు. పంజరంలో వారం కూడా బతకలేదు. ఆ పాపంలో నా వాటా ఉంది. అందుకే రాస్తున్నా.

అది దేవతా కాదు, అరిష్టమూ కాదు. ఈకలకు రంగు పట్టే గుణం పుట్టుకతోనే లోపించింది, అంతే. కళ్లు మామూలు రంగులోనే ఉండి ఈకలు మాత్రం తెల్లబడితే ఒక రకం. కళ్లు కూడా ఎర్రగా ఉంటే ఇంకో రకం, దానికి చూపు కూడా తక్కువ. కాకుల్లో, పిచ్చుకల్లో కూడా ఇలాంటివి అప్పుడప్పుడు పుడతాయి. గుంపులో వేరుగా కనపడేది డేగ కంట్లో ముందు పడుతుంది. దానికున్న కష్టం చాలదా, మనం కూడా వల పట్టుకుని పోవాల్నా?

రంగు మారిన ప్రతిదీ వింత కూడా కాదు. పశువుల వెంట తిరిగే తెల్లకొంగకు గూడు కట్టే కాలంలో తలా మెడా నారింజ రంగుకు వస్తాయి. మగ గిజిగాడు వానాకాలంలో పసుపు టోపీ పెట్టుకుంటాడు. ఇవన్నీ మనం చిన్నప్పటి నుంచీ చూసినవే. చూసి వదిలేసినాం, అంతే.

పక్షుల్ని చూడటం పట్నం కెమెరాల వాళ్ల పని అనుకుంటే పొరపాటు. మన కడప జిల్లా కలివి కోడి సంగతే తీసుకోండి. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో అది మళ్లీ దొరికింది. దొరకబట్టింది పెద్ద చదువులు చదివినాయన కాదు, ఐతన్న అనే మన పల్లె మనిషి. రాత్రిపూట కలివి పొదల మధ్య తిరిగే పిట్ట అది. ఆ అడవి తెలిసినోడి కంటికే అది చిక్కింది. దానికోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చినారు. అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. ఆరోజు చేతికి చిక్కిన పిట్ట బతకలేదు. అప్పట్లో పట్టి చూపిస్తే తప్ప నమ్మేవాళ్లు లేరు. ఇప్పుడు ప్రతి జేబులో ఫోను ఉంది. పట్టాల్సిన పనేముంది?

"దాన్ని చూస్తే మనకేం వస్తుందన్నా" అని అడుగుతారు కొందరు. నిజమే, రూపాయి రాదు. కానీ వంద గోరింకల్లో ఏది ఏదో మనం గుర్తుపట్టలేం. తెల్లదాన్ని ఒక్కదాన్నే గుర్తుపడతాం. అది రోజూ మన చేనికే వస్తుందా, పక్క ఊరికీ పోతుందా, జత కట్టిందా, వచ్చే ఏడు కూడా ఉందా అనేది ఖర్చు లేకుండా తెలిసిపోతుంది. దాన్నిబట్టి మన చేలో పురుగులు తినే గుంపు ఎంత దూరం తిరుగుతుందో కూడా తెలుస్తుంది. పంజరంలో పెడితే ఇవేవీ తెలియవు.

కాబట్టి నా మనవి ఇది. వింత రంగు పిట్ట కనపడితే దూరం నుంచే ఫోటో తీయండి. తేదీ, అది ఏ గుంపుతో ఉంది, ఏం తింటోంది అనేది పుస్తకంలో రాసుకోండి. ఫోటో పది మందికి చూపించండి, చేను మాత్రం చెప్పొద్దండి. గూడు ఉంటే అసలే చెప్పొద్దండి. కొంటామని ఎవరన్నా వస్తే, గోరింక అయినా, చిలక అయినా, పాలపిట్ట అయినా పట్టడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరమని మొహం మీదే చెప్పండి.

ఈ ఏడు దుక్కులప్పుడు గుంపంతా వెతికినా. అన్నీ నల్లతల గోరింకలే. మీ చేలో తెల్లది కనపడితే నాకు ఫోటో ఒక్కటే పంపండి. ఏ ఊరో నేను అడగను.