చదవడం వచ్చు, వెతకడం రాదు

మన గూడేల పిల్లలు పదో తరగతి పాసవుతున్నారు. పోడు పట్టా దరఖాస్తు తిరస్కరించారని కాగితం వస్తే మాత్రం అందులో కారణం ఎక్కడుందో, గడువు ఎక్కడుందో చూపించలేకపోతున్నారు. తప్పు పిల్లలది కాదు. బడి జవాబులు బట్టీ పట్టించింది కానీ, కాగితంలో ఏది ఎక్కడ ఉంటుందో చెప్పలేదు.

2006 అటవీ హక్కుల చట్టాన్నే తీసుకోండి. 2వ సెక్షన్‌లో మాటల అర్థాలు, 3లో హక్కులు, 4లో షరతులు, 6లో ఎవరు తేల్చాలి, ఎవరికి అప్పీలు చేసుకోవాలి అన్నవి ఉన్నాయి. అప్పీలుకు 60 రోజుల గడువూ అక్కడే ఉంది. ఈ వరుస తెలిసిన పిల్లకు చట్టమంతా బట్టీ పట్టే పని లేదు. శీర్షికలు చూసి వెతుక్కుంటుంది.

‘ఆదివాసీ పిల్లలకు ఇవన్నీ ఎందుకు?’ అనే పంతుళ్లారా! భూమి పోయేది వాళ్లదే కాబట్టి. మీరు నేర్పకపోతే ఆ 60 రోజులూ దళారి గుమ్మం ముందే గడిచిపోతాయి.