నాలుగింటి బస్సు

సాయంత్రం నాలుగు దాటాక బడంగ్‌పేట్ చౌరస్తాలో కాసేపు నిలబడండి. నాదర్‌గుల్ వైపు నుంచి కాలేజీ బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం నుంచి ఎల్బీనగర్ వెళ్లేవి ఇంకా ఎక్కువ. మరో అరగంటకు క్యాంపస్‌లలో వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. ల్యాబ్‌లో ప్రోగ్రాం సగంలో ఉన్నా, సార్‌ని ఒక డౌట్ అడగాలనుకున్నా, కొత్తగా పరిచయమైనవాడితో క్యాంటీన్‌లో కూర్చోవాలనిపించినా బస్సు ఆగదు. మాతృశ్రీ ఎడ్యుకేషన్ సొసైటీ 1981లో నాదర్‌గుల్‌లో ఎంవీఎస్ఆర్ ఇంజనీరింగ్ కాలేజీ పెట్టినప్పుడు చుట్టూ పొలాలే. ఇప్పుడు ఊళ్లు కాలనీలయ్యాయి, చుట్టుపక్కల కాలేజీలు లెక్కకు మించాయి. కానీ హైదరాబాద్ నగరపు ఈ తూర్పు శివారులో చాలామంది పిల్లలకు కాలేజీ అంటే ఇప్పటికీ పొద్దున ఎక్కి సాయంత్రం దిగే బస్సే.

ఇంజనీరింగ్ పిల్లలకు పాఠాలు చెబుతూ, వాళ్ల మెంటార్ రికార్డులు రాస్తూ చాలా ఏళ్లు గడిపాను. ఫెయిలైన పిల్లల గురించి స్టాఫ్ రూంలో వినిపించే మాటలు రెండే: బేసిక్స్ లేవు, ఫోన్ వదలడు. రెండూ కొంత నిజమే. కానీ పాత హాజరు రిజిస్టర్లు తిరగేస్తే ఇంకొకటి కనిపిస్తుంది. చేయి దాటిపోయిన పిల్లవాడు ఒక్కరోజులో పోడు. మొదట శనివారాలు పోతాయి. తర్వాత లంచ్ తర్వాతి పీరియడ్లు. ఫస్ట్ మిడ్ అయ్యాక సోమవారాలు. బ్యాక్‌లాగ్ మార్కుల మెమో మీద పడేసరికి, అతను ఆ క్లాసులోంచి మనసులో ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు.

ఒకసారి అలాంటి కుర్రాడిని పిలిచి, ఎందుకు రావట్లేదని అడిగాను. ‘నేను రాకుంటే ఎవరికి తెలుస్తది సార్?’ అన్నాడు. ఎదురు మాట్లాడుతున్నాడనుకుని కోప్పడ్డాను. అతను నిజంగానే అడిగాడని అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది.

ఇది నా కాలేజీ, ఇక్కడ నాకో చోటుంది అన్న నమ్మకాన్ని పరిశోధకులు చాలా కాలంగా కొలుస్తున్నారు. చదువు మధ్యలో మానేయడం తెలివికి మాత్రమే సంబంధించింది కాదనీ, సంస్థలో ఇమడలేకపోవడం కూడా కారణమనీ విన్సెంట్ టింటో 1975లోనే రాశాడు. అయితే ఇక్కడొక చిక్కు ఉంది. మార్కులొచ్చినవాడికి కాలేజీ నచ్చుతుందా, కాలేజీ నచ్చినవాడికి మార్కులొస్తాయా? ప్రశ్నావళులు పంచి సర్వే చేస్తే ఈ ముడి విడదు. ప్రయోగం చేయాలి. అమెరికాలో గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే మనస్తత్వవేత్తలు చేశారు. మొదట్లో అందరికీ పరాయిగానే ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ అది తగ్గుతుంది అని సీనియర్లు చెప్పిన అనుభవాలను ఫస్టియర్ పిల్లలతో ఒక గంటపాటు చదివించి, వాళ్లచేతా రాయించారు. మూడేళ్ల తర్వాత చూస్తే నల్లజాతి, తెల్లజాతి విద్యార్థుల మార్కుల మధ్య తేడా సగానికి తగ్గింది. ఈ ఫలితం 2011లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. పాల్గొన్నది 92 మంది. అంత చిన్న ప్రయోగాన్ని నేను వెంటనే నమ్మలేదు.

తర్వాత దాన్నే 22 విద్యాసంస్థల్లో, 26,911 మంది మీద చేశారు. 2023లో అదీ ‘సైన్స్’లోనే వచ్చింది. మొదటి ఏడాది చదువు పూర్తి చేసినవాళ్లు పెరిగారు, ముఖ్యంగా ఇదివరకు వెనకబడుతూ వచ్చిన వర్గాల్లో. పెరుగుదల పెద్దదేం కాదు. నన్ను ఆగి ఆలోచింపజేసింది ఇంకో విషయం. ఆ వర్గాల పిల్లలు నిజంగా కలిసిపోయే వీలున్న కాలేజీల్లోనే ఆ పాఠం పనిచేసింది. ఆ వీలు లేనిచోట ఎంత చెప్పినా ఫలితం రాలేదు.

ఆ వీలు మన దగ్గర ఎంతుందో చూడండి. కౌన్సెలింగ్ విడతలు విడతలుగా సాగుతుంది, ఆ తర్వాత స్పాట్ అడ్మిషన్లు. చివర్లో చేరినవాడు వచ్చేసరికి బెంచీలు నిండి, వాట్సాప్ గ్రూపులు ఏర్పడి ఉంటాయి. డిప్లొమా చేసి ఈసెట్ రాసినవాళ్లు నేరుగా సెకండియర్‌లో దిగుతారు. ఏడాదిగా కలిసి తిరుగుతున్న క్లాసులో వాళ్లకు ‘ల్యాటరల్ ఎంట్రీ’ అన్నదే పేరవుతుంది. జిల్లాల నుంచి వచ్చినవాళ్లు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి హాస్టళ్లలో ఉంటారు. పక్క మంచం మీద బ్యాంకు పరీక్షలకు చదివేవాడో, సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకునేవాడో ఉంటాడు కానీ తన క్లాస్‌మేట్ ఉండడు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన అమ్మాయి మొదటి వారం ఇంగ్లిష్‌లో అడిగిన ప్రశ్నకు లేచి నిలబడి మాట రాక కూర్చుంటుంది. ఆమెకు సబ్జెక్టు రాదని అందరూ అనుకుంటారు. కొన్నాళ్లకు ఆమె కూడా అలాగే అనుకుంటుంది.

వీటన్నిటికీ పైన డబ్బు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. బకాయి ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్యది. కానీ పరీక్షల ముందు అకౌంట్స్ కిటికీ దగ్గర నిలబడేది విద్యార్థి. లైన్‌లో ఎవరు నిలబడ్డారో చూస్తే ఎవరికి రీయింబర్స్‌మెంట్ ఉందో క్లాసంతటికీ తెలిసిపోతుంది.

ఇదంతా శివారు కాలేజీల గోడు అని కొట్టిపారేయకండి. ఢిల్లీ ఎయిమ్స్ మీద తోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదికలో, అధ్యాపకుల నుంచి తగిన తోడ్పాటు లేదని చెప్పిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు 69 శాతం. అయిదేళ్లలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంలు వదిలిపోయిన ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు 13,626 మంది అని 2023 డిసెంబరులో కేంద్రం లోక్‌సభకు చెప్పింది. పిల్లలకు వేరే అవకాశాలు ఎక్కువున్నాయనీ, చాలామంది సంస్థ మారతారనీ కూడా చెప్పింది. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. ఇక ఈ నగరానికి అవతలి చివరన గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, హాస్టల్ నుంచి బయటికి పంపిన అయిదుగురిలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న మరణించాడు. చోటు లేదని విద్యార్థికి చెప్పడం అక్కడ మాటవరసకు అన్నది కాదు.

మనం దేన్ని కొలుస్తున్నాం? జేఎన్‌టీయూ నిబంధన ప్రకారం హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే కండొనేషన్, అంటే మినహాయింపు. 65 కన్నా తగ్గితే డిటెన్షన్. అంటే పిల్లవాడు జారిపోతున్నాడని వారం వారం చెప్పే సాధనం మన చేతిలోనే ఉంది. దాన్ని సెమిస్టర్ చివర శిక్ష వేయడానికి మాత్రమే తెరుస్తున్నాం. జ్వరం ఎంతుందో రోజూ రాసుకుని, చివర్లో రోగికి జరిమానా వేసే డాక్టర్‌ని ఏమంటాం?

మెంటార్‌ల వ్యవస్థ ఉంది కదా అంటారు. ఉంది. కాలేజీకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ బృందం వచ్చే ముందు రాత్రి ఒకే పెన్నుతో ఏడాది పాటు ‘మాట్లాడిన’ సంతకాలు నేనూ పెట్టాను. కొత్త విద్యార్థులకు మూడు వారాల ఇండక్షన్ జరపాలని ఏఐసీటీఈ చెప్పింది. దాన్ని రూపొందించడంలో ముందున్న రాజీవ్ సంగల్ మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌కు డైరెక్టర్‌గా పనిచేసినవారే. ఆ మూడు వారాలు చాలాచోట్ల బొకేలు, ఉపన్యాసాలు, యాంటీ ర్యాగింగ్ ప్రతిజ్ఞతో ముగుస్తున్నాయి. విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వందమంది, ఆపైన విద్యార్థులున్న సంస్థల్లో కౌన్సెలర్ ఉండాలంది. అవసరమే. కానీ కౌన్సెలర్ గది తలుపు తట్టేవాడికి ఇంకా ఎవరో వింటారన్న నమ్మకం మిగిలి ఉంటుంది. నా దిగులు తలుపు తట్టనివాళ్ల గురించి.

పిల్లలకు చోటివ్వడం మనకు తెలియని విద్య కాదు. తెలంగాణ పల్లెల నుంచి చదువుకోవడానికి పట్నం వచ్చిన పిల్లల కోసం 1918లో రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి రెడ్డి హాస్టల్ పెట్టారు. సురవరం ప్రతాపరెడ్డి దాని బాధ్యతలు చూశారు. తిండి, పడక, పుస్తకాలు, పక్కన మాట్లాడే మనిషి. పేరులోనే కులం ఉంది, ఆ పరిమితినీ మరవకూడదు. అయినా చదువుకు ముందు చోటు కావాలని వాళ్లకు తెలుసు.

ఈ బస్సుల దారిలోని కాలేజీల ప్రిన్సిపాళ్లకూ హెచ్‌ఓడీలకూ నా మనవి చిన్నదే. నాలుగో వారం పూర్తయ్యాక ఫస్టియర్ హాజరు రిజిస్టర్ తెరవండి. వరసగా శనివారాలు రానివాళ్ల పేర్లు రాసుకోండి. వాళ్ల నాన్నకు మెసేజ్ పెట్టకండి, పిల్లలనే పిలిచి మాట్లాడండి. ల్యాటరల్ వాళ్లను కలిపి ల్యాబ్ బ్యాచ్‌లు కొత్తగా వేయండి. ఫీజు బాకీ ఉన్నవాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద నుంచి తీసేయండి. ఇంకొకటి, ఒక్క బస్సునైనా ఆరింటికి బయల్దేరనివ్వండి.