హీమోఫీలియా రోగుల కంటిచూపు: జాప్యమే శాపం

హీమోఫీలియా అనగానే కీళ్ళవాపు, ఆగని రక్తస్రావం గుర్తుకు రావడం సహజం. ఈ వ్యాధి కంటికి తెచ్చిపెట్టే గండం గురించిన చర్చ మాత్రం అరుదు. రక్తాన్ని గడ్డకట్టించే ఎనిమిదవ ఫ్యాక్టర్ పుట్టుకతోనే లోపించే ఈ వ్యాధి సుమారు 5,000 మంది మగశిశువులలో ఒకరికి వస్తుంది.

క్రికెట్ బంతో, బిళ్లంగోడు బిళ్లో తగిలితే ఇతర పిల్లలకు కన్ను కమిలి ఊరుకుంటుంది. ఈ పిల్లలకు అదే దెబ్బ చూపును హరించగలదు. కనుగుడ్డు వెనుక ఎముకల గూటిలో రక్తం చేరితే ఒత్తిడి పెరిగి నేత్రనాడికి రక్తప్రసరణ స్తంభిస్తుంది. గంటన్నర, రెండు గంటలలోగా ఆ ఒత్తిడిని తగ్గించని పక్షంలో పోయిన చూపు తిరిగి రావడం దుర్లభం. కనుగుడ్డు ముందుకు ఉబకడం, తీవ్రమైన నొప్పి, చూపు మసకబారడం ఇందుకు సంకేతాలు.

రెప్పల బయటి కొసన చిన్న కోతతో ఒత్తిడిని తగ్గించడం కంటివైద్యులకు తెలిసిన చికిత్సే. అయితే దానితోపాటే ఫ్యాక్టర్ ఎక్కించకుంటే ఆ కోత నుంచే రక్తస్రావం కొనసాగుతుంది. ఒకదాని కోసం మరొకటి ఆగరాదు. స్కానింగ్ కోసం రెండూ ఆగరాదు.

1983లో ఏర్పడిన హీమోఫీలియా ఫెడరేషన్ (ఇండియా) ఈ రోగుల పక్షాన కృషి చేస్తున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ వ్యాధిని తన జాబితాలో చేర్చింది. పలు రాష్ట్రాలలో ప్రభుత్వ ఆసుపత్రులు ఫ్యాక్టర్‌ను ఉచితంగా అందజేస్తున్నాయి. జన్యుచికిత్సలో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల సాధించిన ఫలితాలు 2024లో వెలువడ్డాయి. ఇవన్నీ హర్షణీయమే.

కాని మందు జిల్లా ఆసుపత్రిలో ఉన్నంత మాత్రాన చాలదు. అర్ధరాత్రి పిల్లవాడిని తీసుకువస్తే స్టోరు తాళం చెవి ఎవరి వద్ద ఉన్నదనేదే అసలు ప్రశ్న. ఖరీదైన మందు గడువు తీరి వృథా అవుతుందన్న అధికారుల సంకోచం సహేతుకమే. అయితే గడువు సమీపించిన సీసాలను వాడకం అధికంగా ఉన్న కేంద్రాలకు పంపి, కొత్తవి తెప్పించుకోవచ్చు. టీకాల మాదిరిగానే వీటికీ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల శీతలం చాలు.

తల్లిదండ్రులు సైతం వ్యాధి వివరాల కార్డును బిడ్డ వద్దనే ఉంచాలి. నొప్పికి ఆస్పిరిన్ ఇవ్వరాదు.

జన్యుచికిత్స మారుమూల గ్రామాలకు చేరడానికి ఏళ్ళు పట్టవచ్చు. క్యాజువాలిటీలో నాలుగు సీసాలు సిద్ధంగా ఉంచడానికి ఒక్క ఉత్తర్వు చాలు.